మంత్రిగారి దగ్గర లేని కాగితాలు

నేను నయాగరా చూడలేదు. స్వేచ్ఛా విగ్రహం కూడా కారు కిటికీలోంచి వేలెడంత కనిపించింది, అదీ శైలజ చెప్తే చూశాను. అమెరికా వెళ్ళొచ్చానని తెలిసి పలకరించడానికి వచ్చినవాళ్ళు ఫోటోలు చూపించమంటారు. నా దగ్గరున్నవి మూడే. ఒక చిన్న హోటలు బోర్డు, ఒక కేర్ హోమ్ ముందున్న బెంచీ, ఆ బెంచీ మీద కూర్చున్న ఒకావిడ. చూసి "ఇంతేనా" అంటారు. ఇంతే. కానీ ఆ మూడింటి సంగతీ ఎక్కడో ఒకచోట రాయకపోతే నా మనసు కుదుటపడేలా లేదు.

ముందు నేనెవరో చెప్పాలి. హైదరాబాదులో మన శాసనసభలో ముప్ఫై నాలుగేళ్ళు రిపోర్టరుగా పనిచేశాను. పత్రికా రిపోర్టరుని కాదు. స్పీకరుగారి కుర్చీ కింద ఒక బల్ల దగ్గర కూర్చుని, సభలో ఎవరేం మాట్లాడినా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేవాళ్ళు ఉంటారే, వాళ్ళలో ఒకదాన్ని. కాసేపు రాయడం, లేచి వెళ్ళి టైపు చేయడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. మైకులు విరగ్గొట్టినా, కాగితాలు చించి మా నెత్తిన పోసినా మా పని మేం చేసుకోవాలి. నవ్వకూడదు, తలాడించకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రతిపక్ష సభ్యుడు వరండాలో ఆపి, "ఈ ప్రశ్న ఎలా ఉందమ్మా" అని అడిగితే, ఇలా కాదండీ, అలా అడగండి అని ఒక ముక్క చెప్పాను. మా చీఫ్ రిపోర్టరుకి తెలిసి అందరి ముందూ కడిగిపారేశారు. "నీకు చెవులున్నాయి, చేతులున్నాయి. నోరు లేదు. గుర్తుపెట్టుకో" అన్నారు. బాగానే గుర్తుపెట్టుకున్నాను.

రిటైరైన ఏడాది, రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజుల్లో, మా పిన్ని కూతురు శైలజ రమ్మంటే సెప్టెంబరులో బయల్దేరాను.

ప్లెయిన్స్‌బరో

శైలజ ఫిజియోథెరపిస్టు. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో అపార్టుమెంటు. దిగిన మర్నాడు సాయంత్రం కిందికి వెళ్తే చీరల మీద స్వెటర్లూ, కాళ్ళకి పరుగుబూట్లూ వేసుకుని నా ఈడు ఆడవాళ్ళు గుంపుగా నడుస్తున్నారు. గుంటూరావిడ ఒకరు, కరీంనగరావిడ ఒకరు. అయిదు నిమిషాల్లో నా పెన్షను ఎంతో కూడా కనుక్కున్నారు. ఇందుకోసం ఇంత దూరం రావాలా అని నాకు విసుగొచ్చింది.

అయితే శైలజ ఆ ఇంట్లో ఉండేది శుక్ర, శని, ఆదివారాలే. సోమవారం నించి గురువారం దాకా పెన్సిల్వేనియాలో ఒక కొండ ఊరిలో కేర్ హోమ్‌లో పని. జబ్బుపడ్డవాళ్ళనీ, పెద్దవాళ్ళనీ చూసుకునే చోటు.

"నువ్వొక్కదానివీ ఇక్కడేం చేస్తావక్కా, నాతో వచ్చెయ్. రూమ్ ఎలాగూ బుక్ చేశాను. లీవ్స్ కలర్ మారడం కూడా స్టార్ట్ అయింది" అంది.

"ఆకులు చూడ్డానికా?"

"ఆకులు కాదు. అక్కడ మార్గరెట్ అని నా పేషెంట్ ఉంది. ఆవిడ కోసం ఐర్లండ్ నించి ఒక ఎంపీ వస్తోంది. అపోజిషన్ ఆవిడ. మా అక్క అసెంబ్లీలో పనిచేసింది అని చెప్పేశాను."

నాకు కోపం వచ్చింది గానీ, చీర మాత్రం మంచిదే సర్దుకున్నాను.

ఎడిసన్

దారిలో ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఆగాం, వారానికి సరిపడా కూరలకి. దొండకాయలు ముదిరిపోయి ఉన్నాయి. గోంగూర కట్ట ధర చూసి మనసులో రూపాయల్లోకి మార్చి, కట్ట మళ్ళీ గంపలో పెట్టేశాను. "అక్కా, మల్టిప్లై చేయొద్దని చెప్పానా" అని శైలజ ఆ కట్ట తీసి బుట్టలో వేసింది.

డబ్బు కట్టే వరసలో మా ముందు ఒక పెద్దాయన, నలభై ఏళ్ళ కిందట వచ్చిన ఇంజనీరట, నేను చేసిన ఉద్యోగం తెలిసి ఆసక్తిగా వెనక్కి తిరిగాడు. "అన్ని వేల ప్రశ్నలు విన్నారు కదా. ఒక ప్రశ్న వల్ల ఒక మనిషికి మేలు జరగడం ఎప్పుడైనా చూశారా?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. ఒక ఊరికి బోరు వేశారనీ, ఒక వితంతువు పెన్షను కదిలిందనీ రెండు చెప్పాను. మూడోది వెంటనే గుర్తు రాలేదు. ఈలోగా ఆయన వంతు వచ్చింది.

కొండ ఊరు

ఒకప్పుడు బొగ్గు తవ్విన ఊరది. గనులు మూతపడ్డాయి, చర్చీలు మిగిలాయి. వీధికి రెండేసి ఉన్నాయి. ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని, ముందు చిన్న అరుగులతో మన పాతబస్తీలా ఉన్నాయి. అరుగు మీద కూర్చున్నవాళ్ళు ముక్కూమొహం తెలియకపోయినా పలకరిస్తారు. ప్లెయిన్స్‌బరోలో లిఫ్టులో ఎదురైన తెలుగువాళ్ళు నేల చూశారు, ఇక్కడి తెల్లవాళ్ళు నా చీర రంగు బాగుందన్నారు.

మార్గరెట్ నాకంటే ఆరేళ్ళు పెద్ద. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఊపిరితిత్తుల జబ్బు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. శైలజ ఆవిడని రోజూ బెంచీ దాకా నడిపిస్తుంది. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. పెంచినవాళ్ళు పోయారు.

ఐర్లండ్‌లో పెళ్ళి కాకుండా బిడ్డని కన్న అమ్మాయిల్ని ఒకప్పుడు కొన్ని ఆశ్రమాల్లో ఉంచేవారట. బిడ్డల్ని దత్తతకిచ్చి విమానాల్లో అమెరికా పంపేవారు. మార్గరెట్ అలా మూడేళ్ళ వయసులో వచ్చింది. తల్లి పేరు తెలీదు. తల్లి బతికుంటే ఎనభై దాటే ఉంటాయి. ఆ పేరు తెలుసుకోవాలనీ, వీలైతే ఫోన్లోనైనా మాట్లాడాలనీ పన్నెండేళ్ళుగా ఉత్తరాలు రాస్తోంది. డాక్టరు ఆవిడకి ఇంకో ఏడాది గడువిచ్చాడని శైలజ నాకు ముందే చెప్పింది.

మార్గరెట్ ఒక కవరు తెరిచి చూపించింది. కాలర్ ఉన్న కోటు వేసుకుని విమానం మెట్ల దగ్గర నిలబడ్డ పాప ఫోటో. రెండు ఉత్తరాలు. మొదటిది ఆశ్రమంవాళ్ళది: మేం మూసేశాం, కాగితాలన్నీ జిల్లా ఆరోగ్య కార్యాలయానికి అప్పగించాం అని. రెండోది ఆ ఆరోగ్య కార్యాలయానిది: మీ తల్లి పేరు తెలిపితే వెతుకుతాం అని.

"అమ్మ పేరు తెలుసుకోవాలంటే అమ్మ పేరు చెప్పాలి" అని మార్గరెట్ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

రెండు ఉత్తరాలూ నేను చదివాను. ఒకసారి చదివిందీ విన్నదీ మర్చిపోకపోవడం నా ఉద్యోగం అంటించిన జబ్బు.

నాది షార్ట్‌హ్యాండని తెలిసి ఆవిడ ఒక కోరిక కోరింది. "నేను రాస్తే చెయ్యి వణుకుతుంది. అమ్మ దొరికితే చెప్పాల్సింది నేను చెప్తాను, రాసిపెడతారా?" పుస్తకం తెచ్చుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఆవిడ ఆగి ఆగి చెప్పింది. తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "అమ్మా, నన్ను బాగానే చూసుకున్నారు. నేను బస్సు నడిపాను. నాకు పిల్లలు లేరు గానీ ఈ ఊరి పిల్లల్లో సగం మందిని బడికి చేర్చింది నేనే. నీ మీద కోపం లేదు. నీ పేరు తెలిస్తే చాలని అందరితో చెప్తుంటాను, అది అబద్ధం. నీ గొంతు వినాలని ఉంది."

ముప్ఫై నాలుగేళ్ళలో ముఖ్యమంత్రుల ఉపన్యాసాలు రాశాను, నా పెన్సిలు ఎప్పుడూ ఆగలేదు. ఆరోజు ఆగింది. నాకు ఏడుపొచ్చింది.

ఐలీన్

మర్నాడు పొద్దున ఐర్లండ్ ఎంపీ వచ్చింది. వాళ్ళ దేశంలో ఎంపీని డెప్యూటీ అంటారు. మందీమార్బలంతో దిగుతుందనుకుంటే, తనే అద్దె కారు నడుపుకుంటూ, బురద బూట్లతో, వెనక సీటు నిండా ఫైళ్ళతో వచ్చింది. పేరు ఐలీన్. యాభై ఏళ్ళుంటాయి, లోగడ స్కూలు టీచరు. పార్లమెంటు సెలవుల్లో సొంత ఖర్చుతో ఊరూరా తిరుగుతూ మార్గరెట్ లాంటివాళ్ళని కలుస్తోంది. అప్పటికి నలభైమందిని చూసిందట. వాళ్ళందరి ఉత్తరాలూ చదివీ చదివీ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

మార్గరెట్ చెయ్యి పట్టుకుని, "సభ తెరవగానే మొదటి ప్రశ్న మీదే. మంత్రిని వదిలిపెట్టను" అంది. అది ఓట్ల కోసం చెప్పిన మాట కాదు. మార్గరెట్‌కి ఐర్లండ్‌లో ఓటెక్కడుంది?

మార్గరెట్ దత్తతని ఖాయం చేసిన అమెరికా కోర్టు నలభై మైళ్ళ అవతల ఇంకో ఊళ్ళో ఉంది. అక్కడి కాగితంలో తల్లి పేరు ఉండొచ్చని ఐలీన్ ఆశ. మార్గరెట్‌తో సంతకం చేయించుకుని, "మీరూ రండి, దారిలో మీ అసెంబ్లీ కబుర్లు చెబుదురు" అని నన్ను లాక్కెళ్ళింది.

కోర్టు దారి

రెండువైపులా కొండలు. చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రబడుతున్నాయి. మేం కబుర్లలో పడ్డాం. మన సభలో సభ్యులు స్పీకరు దగ్గరికి దూసుకొస్తారంటే ఆమె నవ్వింది. వాళ్ళ సభలో మంత్రులు లేచి మర్యాదగా, పొడుగ్గా, ఏమీ చెప్పకుండా జవాబు చెప్తారట. "మీ పద్ధతే నయం, కనీసం కోపం కనిపిస్తుంది" అంది.

ఒక పెట్రోలు బంకులోంచి బయటికొచ్చాక రోడ్డు నా కళ్ళకి హాయిగా అనిపించింది. అమెరికాలో దిగాక మొదటిసారి అంతా సరిగ్గా ఉన్నట్టుంది. ఎందుకో అర్థమయ్యేలోపు ఎదురుగా ఒక ట్రక్కు హారను మోగించుకుంటూ మీదికి వచ్చేసింది. ఐలీన్ కారుని కంకరలోకి దింపేసింది. ఐర్లండ్‌లోనూ మనలాగే ఎడమపక్క నడుపుతారు. ఆమె అలవాటుగా ఎడమకి తిప్పింది, నేను అలవాటుగా చూస్తూ కూర్చున్నాను. ట్రక్కు మనిషి దిగి వచ్చాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"ఐర్లండ్" అంది ఆమె. "ఇండియా" అన్నాను నేను.

"అయితే సరే" అని తల గోక్కుని వెళ్ళిపోయాడు. మేమిద్దరం కడుపు నొప్పెట్టేలా నవ్వుకున్నాం. ఇప్పుడు తల్చుకుంటే నవ్వు రాదు.

కోర్టులో గుమాస్తా మంచిది. మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, దత్తత కాగితాలకి సీలు వేసి ఉంటుందనీ, జడ్జి ఉత్తర్వు లేనిదే తెరవకూడదనీ, దానికి నెలలు పడుతుందనీ మెల్లగా చెప్పింది. ఐలీన్ వాదించింది, బతిమాలింది. గుమాస్తా కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ బీరువా తెరుచుకోలేదు.

డైనర్

ఎదురుగా ఉన్న డైనర్‌లోకి వెళ్ళాం. చిన్న హోటలన్నమాట. వడ్డించే ఆవిడ నేను మాంసం తిననని తెలిసి "పియెరోగి" తెచ్చిపెట్టింది. బంగాళాదుంప ముద్దని మైదాపిండిలో పెట్టి కజ్జికాయలా మడిచి, ఉడికించి, వెన్నలో వేయిస్తారు. ఉప్పు తప్ప ఏమీ లేదు. నా సంచీలోంచి కారప్పొడి తీసి చల్లుకున్నాను. వడ్డించే ఆవిడ తనకీ కాస్త వెయ్యమని చెయ్యి చాపింది. కాఫీ ఎన్నిసార్లు పోసినా ఒకటే ధర, అది మాత్రం మనవాళ్ళు నేర్చుకోవాలి.

ఐలీన్ తినలేదు. కోపంతో ఊగిపోతూ, కాగితం మీద ప్రశ్న రాయడం మొదలుపెట్టింది. సభ మొదటిరోజు ప్రశ్నలు పంపడానికి ఆ సాయంత్రమే ఆఖరు.

"అవుననో కాదనో తప్ప మూడో మాట చెప్పలేని ప్రశ్న వేస్తాను. ఎలా పారిపోతాడో చూస్తాను" అని చదివి వినిపించింది. ఫలానా ఆశ్రమంలో పుట్టిన బిడ్డల కాగితాలు మంత్రిగారి శాఖ దగ్గర ఉన్నాయా? ఉంటే ఎప్పుడు బయటపెడతారు?

నా చెయ్యి అలవాటుగా ఆ ప్రశ్నని కాగితం రుమాలు మీద షార్ట్‌హ్యాండ్‌లో రాసేసింది. రాస్తుండగానే కన్నం కనిపించింది. కాగితాలు శాఖ దగ్గర లేవు. జిల్లా ఆరోగ్య కార్యాలయంలో ఉన్నాయి, మొదటి ఉత్తరంలో స్పష్టంగా ఉంది. నలభైమంది ఉత్తరాల్లో ఐలీన్‌కి ఆ వాక్యం జారిపోయింది. ఉన్నాయా అని అడిగితే మంత్రి లేవంటాడు. అది అబద్ధం కూడా కాదు. ఎవరి దగ్గరున్నాయి, ఇవ్వమని వాళ్ళని మీరు ఆదేశిస్తారా అని అడగాలి. ఇలాంటి ప్రశ్నలు చచ్చిపోవడం నేను వందసార్లు చూశాను. పైగా ఒకసారి జవాబొచ్చిన ప్రశ్నని కొన్ని నెలలదాకా మళ్ళీ అడగనివ్వరు. మా దగ్గర అంతే. వాళ్ళ దగ్గరా అంతేనని దారిలో ఐలీనే చెప్పింది.

"ఎలా ఉంది?" అని అడిగింది ఐలీన్.

నన్నే అడిగింది. ఆ డైనర్‌లో చీఫ్ రిపోర్టరు లేడు, స్పీకరు లేడు. నేను రిటైరైపోయాను కూడా. అయినా ముప్ఫై నాలుగేళ్ళు వరండాలో చెప్పిన మాటే నా నోట్లోంచి వచ్చింది.

"నాకు తెలీదండీ" అన్నాను.

ఆవిడ ప్రజలు ఎన్నుకున్న మనిషి, ఆవిడకి తెలియదా అని సర్దిచెప్పుకున్నాను. వాళ్ళ దేశం పద్ధతి వేరేమో అని కూడా అనుకున్నాను. పక్కనే పబ్లిక్ లైబ్రరీ. అక్కడ ఎవరైనా వెళ్ళి కంప్యూటరు వాడుకోవచ్చు, ఉచితం. ఐలీన్ టైపు చేస్తుంటే పక్క కుర్చీలో కూర్చున్నాను. మీట నొక్కే ముందు ఆమె ఒక్క క్షణం ఆగి నావైపు చూసింది. నేను గోడకున్న బొమ్మలు చూస్తున్నాను.

తిరుగు దారి

గురువారం మధ్యాహ్నం బయల్దేరేముందు మార్గరెట్‌ని బెంచీ మీద కూర్చోబెట్టి ఫోటో తీశాను. "మళ్ళీ వచ్చేసరికి నాకు ఇంటిపేరు మారిపోతుందేమో" అంది. శైలజ కారెక్కాక అడిగింది.

"ఏంటక్కా, డల్‌గా ఉన్నావ్?"

"ఏం లేదు."

"ఆవిడ క్వశ్చన్ వర్కవుట్ అవుతుందంటావా?"

"నాకేం తెలుసు" అన్నాను. రెండోసారి.

హైదరాబాదు

అక్టోబరులో ఇల్లు చేరేసరికి ఐలీన్ పంపిన సభా కార్యక్రమాల నకలు మెయిల్లో ఉంది. మంత్రిగారి జవాబు మూడు వాక్యాలు. సదరు కాగితాలు నా శాఖ ఆధీనంలో లేవు. కాబట్టి రెండో భాగం ఉత్పన్నం కాదు. సభ్యురాలి ఆవేదనని అర్థం చేసుకున్నాను. మన సభలో మంత్రుల జవాబులు టైపు చేసీ చేసీ "ఉత్పన్నం కాదు" అనే మాట నా వేళ్ళకి కంఠతా వచ్చు.

ఐలీన్ మళ్ళీ ఆ ఉత్తరం తీసి, ఆ వాక్యం చూసుకుని, ఆరోగ్య కార్యాలయం గురించి కొత్త ప్రశ్న పంపింది. ఇది పాతదే, కొన్ని నెలలు ఆగాలి అని తిప్పి పంపారు. కార్యాలయానికే నేరుగా రాస్తే, మంత్రిగారి ఆదేశం కావాలన్నారు. మంత్రికి రాస్తే, సభలో జవాబిచ్చేశాం అన్నారు.

మార్గరెట్ జనవరిలో పోయింది. శైలజ ఫోన్ చేసి, "పీస్‌ఫుల్‌గానే వెళ్ళిందక్కా" అని పెట్టేసింది.

ఏప్రిల్లో ప్రశ్నని అనుమతించారు. మంత్రి ఆదేశించారు. పది రోజుల్లో ఫైలు దొరికింది. తల్లి బతికే ఉంది, ఎనభై ఆరేళ్ళు. ఐలీన్ ఆఫీసుకి కారులో నలభై నిమిషాల దూరంలో ఒక వృద్ధాశ్రమంలో ఉంది. మార్గరెట్ చెప్పింది మీరు రాసుకున్నారట కదా, పంపండి అని ఐలీన్ అడిగింది. టైపు చేసి పంపాను, ఒక్క మాట మార్చలేదు. ఆమె వెళ్ళి ఆ ముసలావిడ పక్కన కూర్చుని చదివింది. ఆవిడ రెండోసారి చదివించుకుని, "ఫోన్ నంబరు ఇస్తావా, నేను మాట్లాడతాను" అందట. అప్పుడు ఐలీన్ చెప్పాల్సి వచ్చింది.

ఆ మెయిల్ చదివి నేను రెండు రోజులు అన్నం తినలేకపోయాను. మూడోరోజు ఐలీన్‌కి ఉన్నదున్నట్టు రాశాను. డైనర్‌లోనే నాకు ఆ కన్నం కనిపించిందని, మీరు అడిగినా చెప్పలేదని, లైబ్రరీలో మీరు చూసినప్పుడు కావాలనే మొహం తిప్పుకున్నానని. రుమాలు ఇంకా నా దగ్గరే ఉంది, దాన్ని కూడా ఫోటో తీసి పంపాను. తిడుతుందనుకున్నాను. లేదా, ఫర్వాలేదులెండి అని పెద్దమనసు చూపిస్తుందేమో అని కూడా ఆశపడ్డాను.

వారం తర్వాత జవాబొచ్చింది. "మీరు చెప్పి ఉంటే ఆరోజు ఆ కోపంలో నేను వినేదాన్నా అని చాలా ఆలోచించాను. వినేదాన్ని."

కింద పేరు ఉంది. ఇంకేమీ రాయలేదు.